అద్దె ఇంటి వేడి, కరెంటు బిల్లు: నగరపాలక సంస్థ చెయ్యి ఎంతవరకు అందుతుంది?

విశాఖపట్నం దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక మే నెల రెండో వారంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఈ ఊరికి నడినెత్తిన నిలుస్తాడు. ఎండ గోడల కంటే డాబాల మీద నిటారుగా పడే రోజులవి. గాజువాకలోనో, అక్కయ్యపాలెంలోనో, మధురవాడలోనో పై అంతస్తు పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నవారికి దీని సంగతి పగటి కంటే రాత్రి బాగా తెలుస్తుంది. బయట సముద్రపు గాలి వీస్తున్నా, పగలంతా వేడిని తాగిన స్లాబు పొద్దుపోయేదాకా దానిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఏసీ ఉన్నవారు ఏసీ వేసుకుంటారు. లేనివారు సాయంత్రం డాబా మీద నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి, ఫ్యాను చివరి నంబరులో పెట్టి పడుకుంటారు. తరువాతి నెల బిల్లు చేతికి వచ్చాక మాటలు చార్జీల మీదికి, సర్దుబాటు మొత్తాల మీదికి పోతాయి గాని ఇంటి పైకప్పు మీదికి రావు.

ఇల్లు ఒకరిది, బిల్లు కట్టేది ఇంకొకరు. ఇంటికి ప్లాను అనుమతి ఇచ్చి పన్ను వసూలు చేసేది గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), కరెంటు ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్, ధర ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. ఇంతమంది ఉన్న చోట అద్దె ఇంటి వేడిని తగ్గించే పని ఎవరిదో తేలకపోవడం వింతేమీ కాదు. ఇంగ్లండ్ వంటి చోట్ల స్థానిక సంస్థలు ఈ పనిలో దిగాయన్న వార్తలు చదివి, మన జీవీఎంసీ ఎందుకు దిగదని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఈ చిక్కుముడిలో ఏ పోగు ఎవరి చేతిలో ఉందో చూడాలి.

పొదుపు వేరు, సామర్థ్యం వేరు

ఫ్యాను ఆపేసి చెమటలో కూర్చోవడం పొదుపు. అదే గాలిని సగం కంటే తక్కువ కరెంటుతో ఇచ్చే ఫ్యాను పెట్టుకోవడం ఇంధన సామర్థ్యం. మొదటిదానిలో సుఖం తగ్గుతుంది, రెండోదానిలో తగ్గదు. ఈ తేడా గుర్తుంచుకోకపోతే అద్దెదారులకు “లైట్లు ఆర్పండి” అన్న సలహా ఇచ్చి ఊరుకోవడమే ఇంధన విధానమైపోతుంది.

1000 వాట్ల పరికరం ఒక గంట నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాను 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 15 గంటల చొప్పున నెల రోజులు తిరిగితే మొదటిది 33.75 యూనిట్లు, రెండోది 13.5 యూనిట్లు కాలుస్తాయి. అంటే ఒక్క ఫ్యాను దగ్గర నెలకు 20 యూనిట్ల పైచిలుకు తేడా.

అయితే ఇల్లు కూడా ఒక పరికరం వంటిదే. పైకప్పు ఎంత వేడిని లోపలికి పంపుతోంది, పడమటి గోడకు నీడ ఉందా, కిటికీలు ఎదురెదురుగా ఉండి గాలి ఆడుతోందా అన్నవాటిని బట్టి లోపలి ఫ్యాను, ఏసీ ఎంత శ్రమ పడాలో నిర్ణయమవుతుంది. దేశంలోని నిర్మాణ నిబంధనావళులు విశాఖను ఉక్కపోత మండలంలో, అంటే వేడితోపాటు తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల జాబితాలో చేర్చాయి. ఇక్కడ చెమట ఆరడమే కష్టం కనుక ఉష్ణోగ్రత ఎంత ముఖ్యమో గాలి ఆడడమూ అంతే ముఖ్యం. ఫ్యాను మార్చడం ఒక రోజు పని. ఇంటిని మార్చడం అలా కాదు, అందులోనూ అది మన ఇల్లు కానప్పుడు.

ఖర్చు యజమానిది, చల్లదనం అద్దెదారుది

కూర్మన్నపాలెంలో 200 గజాల స్థలంలో ఉద్యోగ విరమణ డబ్బుతో కట్టుకున్న ఇల్లు ఒకటి ఊహించుకుందాం. కింద యజమాని కుటుంబం ఉంటుంది, మీద రెండు పోర్షన్లు అద్దెకు ఇచ్చారు. డాబా మీద తెల్లపూత వేయిస్తే పై వాటాలు చల్లబడతాయి. డబ్బు పెట్టేది యజమాని, బిల్లు తగ్గేది అద్దెదారుకు. కింద ఉన్న యజమానికి ఆ పూత వలన గదిలో ఒక డిగ్రీ కూడా తగ్గదు. అద్దెదారు తానే వేయించుకుంటాడా అంటే, అతని ఒప్పందం 11 నెలలది. రిజిస్ట్రేషన్ బెడద ఉండదన్న లెక్కతో 11 నెలల పత్రం రాసుకోవడం ఊరంతటా ఉన్న అలవాటు. వచ్చే ఏడు ఉంటామో లేదో తెలియని ఇంటి పైకప్పు మీద సొంత డబ్బు పోసేవారు అరుదు.

ఆర్థికశాస్త్రం దీనిని ప్రోత్సాహకాలు చీలిపోవడం అంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఇద్దరూ తమ తమ లెక్కలో సరిగానే ఉన్నారు. చల్లటి ఇంటికి కాస్త ఎక్కువ అద్దె వస్తుంది కాబట్టి మార్కెటే దీనిని సరిచేస్తుందని కొందరి వాదన. అది జరగాలంటే ఇల్లు చూడటానికి వచ్చినవారికి ఏ ఇల్లు చల్లగా ఉంటుందో ముందే తెలియాలి. టులెట్ బోర్డు మీద తూర్పు వాకిలి ఉంటుంది, బోరు నీళ్లు ఉంటాయి, బైకు పార్కింగ్ ఉంటుంది. మే నెల రాత్రి పదింటికి స్లాబు ఎంత వేడిగా ఉంటుందో ఉండదు. పైగా చాలామంది ఇల్లు చూసేది సాయంత్రం, కిటికీలన్నీ తీసి ఉన్నప్పుడు.

ఆదా అయ్యేవి బిల్లులోని ఖరీదైన యూనిట్లు

రాష్ట్రంలో 2022-23 నుంచి అమలులోకి వచ్చిన గృహ విద్యుత్ ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇది మెట్ల పద్ధతి. ఎంత ఎక్కువ వాడినా కింది మెట్ల యూనిట్లకు కింది ధరే పడుతుంది.

ఏసీ ఉన్న ఒక కుటుంబం మే నెలలో 300 యూనిట్లు వాడిందనుకుందాం. స్థిర చార్జీ, సుంకం, సర్దుబాటు మొత్తాలు పక్కన పెడితే ఐదు మెట్ల మొత్తాలు వరుసగా 57, 135, 225, 600, 656.25 రూపాయలు, అన్నీ కలిపి 1,673.25. సగటున యూనిట్ 5.58 రూపాయలు పడినట్టు కనిపిస్తుంది. ఇదే ఇల్లు రెండు ఫ్యాన్లు మార్చి 40 యూనిట్లు, పైకప్పు చల్లబడటం వలన ఇంకో 40 యూనిట్లు తగ్గించుకుని 220 దగ్గర ఆగిందనుకుంటే బిల్లు 987 రూపాయలు అవుతుంది. తగ్గినవి 80 యూనిట్లు, మిగిలినది 686.25 రూపాయలు, అంటే ఆదా అయిన ఒక్కో యూనిట్ విలువ 8.58 రూపాయలు. మెట్ల ధరలో కోత పైనుంచి పడుతుంది కనుక సగటు ధరతో గుణించి “ఏమంత మిగులుతుందిలే” అనుకునేవారు తమ ఆదాను తక్కువగా అంచనా వేస్తున్నట్టే.

దీనికి రెండో వైపు ఉంది. నెలకు 90 యూనిట్లు మాత్రమే వాడే, ఏసీ లేని ఇంట్లో పైకప్పు చల్లబడితే బిల్లు దాదాపు మారదు. అక్కడ దొరికేది నిద్ర. యూనిట్లలో మాత్రమే కొలిచే ఏ పథకమైనా రేకుల ఇళ్లలో, చిన్న పోర్షన్లలో ఉండేవారిని లెక్కలోంచి తప్పించి, ఏసీ ఉన్నవారికే డబ్బు చేరుస్తుంది. అద్దె ఇళ్ల విషయంలో నాకు అన్నిటికంటే పెద్ద చిక్కుగా కనిపించేది ఇదే.

ఒకే మీటరు, మూడు వాటాలు

విశాఖలో అద్దె ఇళ్ల కరెంటు గురించి మాట్లాడుతూ చెక్ మీటర్ల సంగతి వదిలేయడం కుదరదు. చాలా పాత ఇళ్లలో యజమాని పేరున ఒకటే సర్వీసు ఉంటుంది, వాటాలకు చిన్న చెక్ మీటర్లు బిగించి ఉంటాయి. మూడు కుటుంబాలు తలా 100 యూనిట్లు వాడాయనుకుందాం. ఎవరి సర్వీసు వారికి ఉంటే ఒక్కొక్కరికి 304.50 రూపాయలు, ముగ్గురికీ కలిపి 913.50. ఒకే సర్వీసు మీద 300 యూనిట్లు నమోదైతే పైన చూసినట్టు 1,673.25. పొదుపుగా వాడే మూడు ఇళ్లు కలిసి దుబారా చేసే ఒక ఇల్లుగా మీటరుకు కనిపిస్తాయి. ఆ 759.75 రూపాయల తేడా ఎవరో ఒకరు భరించాలి కనుక యజమాని యూనిట్‌కు ఇంత అని ఒకే ధర కట్టేస్తాడు. అది ఎనిమిదో పదో అయితే అద్దెదారుకు దోపిడీలా కనిపిస్తుంది. తాను కట్టే పై మెట్టు ధర అదేనని యజమాని అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం సరఫరా కోరుతూ దరఖాస్తు చేసే హక్కు యజమానికే కాదు, ఇంట్లో ఉంటున్నవారికి కూడా ఉంది. కాగితం మీద ఉన్న ఈ హక్కును యజమానికి ఇష్టం లేకుండా వాడుకుని, ఆ తరువాత అదే ఇంట్లో ప్రశాంతంగా ఉండటం ఎంత సాధ్యమో అద్దెకున్నవారికి చెప్పనక్కరలేదు. కానీ కొత్త ఇంటి ప్లానులో ప్రతి వంటగదికీ విడి మీటరుకు చోటు చూపించమని అడగడం అనుమతి ఇచ్చే సంస్థకు అసాధ్యమైన పని కాదు.

జీవీఎంసీ చేతిలో ఉన్నవి, లేనివి

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ అందులో ఉన్నాయి. వీధి దీపాలు ఉన్నాయి. ఇళ్లకు విద్యుత్ సరఫరా లేదు, అద్దెల నియంత్రణ లేదు. పరికరాల మీద నక్షత్రాల గుర్తులు కేంద్రంలోని ఇంధన సామర్థ్య సంస్థ చూసుకుంటుంది, అద్దె చట్టం రాష్ట్రం చేస్తుంది. కార్పొరేషన్‌కు మిగిలినవి ముఖ్యంగా ఇవే: కట్టేముందు ప్లాను, కట్టాక ఆస్తిపన్ను, వ్యాపారంగా నడిస్తే ట్రేడ్ లైసెన్సు, ఇవి కాక సొంత భవనాల మీద, సొంత బడ్జెట్ మీద ఉన్న అధికారం. 2005లో గాజువాక మునిసిపాలిటీని, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకుని గ్రేటర్ అయిన సంస్థ కనుక దాని పరిధిలో వన్‌టౌన్‌లోని ఎత్తయిన కప్పుల పాత ఇళ్లూ, పారిశ్రామిక వాడల అంచున రేకుల వరుస ఇళ్లూ, ఋషికొండ వైపు అద్దాల అపార్టుమెంట్లూ అన్నీ ఉన్నాయి. అందరికీ ఒకే నియమం సరిపోదు.

సొంత ఆస్తుల విషయంలో ఈ సంస్థకు చెప్పుకోదగ్గ అనుభవమే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని అతలాకుతలం చేశాక, కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ నగరమంతటా 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చింది. పెట్టుబడి ముందు ఆ సంస్థ పెట్టి, తగ్గిన కరెంటు ఖర్చులోంచి విడతలుగా రాబట్టుకునే పద్ధతి అది. ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం కూడా జీవీఎంసీదే.

వీధి దీపాలకు పనికొచ్చిన పద్ధతి అద్దె ఇళ్లకు ఎందుకు పనికిరాదని అడగవచ్చు. వీధి దీపాల బిల్లు కట్టేది ఒక్కరే, దీపం యజమాని ఆ ఒక్కరే, మిగిలిన డబ్బు ఆ ఒక్కరి ఖాతాలోనే మిగులుతుంది. అద్దె ఇంట్లో పైకప్పు ఒకరిది, మీటరు కొన్నిసార్లు ఇంకొకరి పేరున ఉంటుంది, ఆదా అయిన డబ్బు 11 నెలలకొకసారి మారే మూడో మనిషి జేబులో ఉంటుంది. రాబట్టుకోవడానికి పట్టు దొరకదు.

కొత్త ఇళ్లు: 600 గజాల గీత

కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం ఎకో నివాస్ సంహిత మొదటి భాగాన్ని విడుదల చేసింది. అది ఇంటి పై తొడుగు గురించి, అంటే కప్పు, గోడలు, కిటికీల గురించి మాట్లాడుతుంది. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి ప్రవహిస్తుందో చెప్పే కొలతను యు-విలువ అంటారు. కప్పుకు ఇది 1.2 దాటకూడదని సంహిత చెబుతుంది. ఏ పొరా లేని మామూలు ఆర్‌సీసీ స్లాబుకు ఇది 3 దాటుతుంది. ఉక్కపోత ప్రాంతాలలో తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం గదుల నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలన్నది ఇంకో నియమం.

ఈ ఆరో వంతును ఒక మామూలు పోర్షన్‌కు వేసి చూద్దాం. లోపలి వైశాల్యం 600 చదరపు అడుగులైతే 100 చదరపు అడుగుల తెరుపు కావాలి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న రెండు జరుపుడు కిటికీలు, బాల్కనీలోకి ఒక మూడడుగుల తలుపు ఉన్నాయనుకుందాం. జరుపుడు కిటికీ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది కనుక ఒక్కొక్కటి 8 చొప్పున 16, తలుపు ఏడడుగుల ఎత్తుకు 21, మొత్తం 37. అవే కిటికీలకు పూర్తిగా తెరుచుకునే రెక్కలు పెట్టి ఉంటే 53 వచ్చేది. ఇప్పుడు ఎక్కడ చూసినా జరుపుడు అల్యూమినియం కిటికీలే. చోటు కలిసొస్తుందని, దోమతెర బిగించడం తేలికని పెడతారు. సముద్రం పక్కనే ఉండి సముద్రపు గాలిని సగానికి కోసుకోవడం ఈ ఊరి కొత్త అలవాటు.

అయితే ఆ 2018 నిబంధనలు 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకు ఉద్దేశించినవి. స్థానిక నిర్మాణ నియమాలలోకి తెచ్చుకుంటేనే వాటికి బలం వస్తుంది. 2022లో సవరించిన ఇంధన పరిరక్షణ చట్టం నివాస భవనాలను కూడా భవనాల ఇంధన కోడ్ పరిధిలోకి తెచ్చింది గాని 100 కిలోవాట్ల లోడు లేదా 120 కేవీఏ ఒప్పంద డిమాండు ఉన్న పెద్ద సముదాయాలను దృష్టిలో పెట్టుకుంది. ఆ గీతను కిందికి దించే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా నివాస భవనాలలో 600 గజాలు, ఆపైన స్థలాలకే తప్పనిసరి చేసి, మిగతావారి ఇష్టానికి వదిలింది. ఎక్కువ అద్దె పోర్షన్లు ఉండేది 150, 200 గజాల స్థలాలలో. అంటే నియమం ఎక్కడ గట్టిగా ఉందో అక్కడ అద్దెదారు తక్కువ, అద్దెదారు ఎక్కడ ఉన్నాడో అక్కడ నియమం లేదు.

గీతను కిందికి దించాలనేవారు, చిన్న ఇంటికి ఇంజనీరు లెక్కలు అక్కరలేదు, “కప్పు తెల్లగా ఉండాలి, ఇన్ని కిటికీలు పూర్తిగా తెరుచుకోవాలి” అన్న రెండు మూడు ముక్కల నియమం చాలంటారు. వద్దనేవారు చెప్పేదీ కొట్టిపారేయదగినది కాదు. ఇంటి చుట్టూ జాగా వదలాలనే సెట్‌బ్యాక్ నియమాలే సరిగా అమలు కావడం లేదు. అతిక్రమణలను అపరాధ రుసుముతో క్రమబద్ధం చేసే బీపీఎస్ పథకాలు రాష్ట్రంలో పలుమార్లు వచ్చాయి. గోడకూ గోడకూ మధ్య వదలాల్సిన జాగా వదలకపోతే కిటికీ ఎంత పెద్దదైనా పక్కింటి గోడకేసి తెరుచుకుంటుంది. ఆ మాటకొస్తే పాత సెట్‌బ్యాక్ నియమాన్ని నిక్కచ్చిగా అమలు చేయడమే ఈ నగరంలో మొదటి ఇంధన సామర్థ్య చర్య అనవచ్చు.

ఉన్న ఇళ్లు: తెల్లపూత లెక్క

రాబోయే పదేళ్లలో అద్దెకు ఉండబోయే ఇళ్లలో ఎక్కువ భాగం ఇప్పటికే కట్టి ఉన్నాయి. వాటికి ప్లాను అనుమతి అనే పట్టు లేదు. చేయదగిన పనులలో తేలికైనది పైకప్పు పూత. ముదురు సిమెంటు డాబా తన మీద పడిన ఎండలో పావు వంతు, మహా అయితే మరికాస్త వెనక్కి పంపుతుంది. కొత్తగా వేసిన మంచి తెల్లపూత 70 శాతానికి పైగా తిప్పికొడుతుంది.

లెక్క కోసం వెయ్యి చదరపు అడుగుల డాబాకు అడుగుకు 15 రూపాయల చొప్పున 15,000 రూపాయలు అనుకుందాం. నాలుగు మండు నెలల్లో 40 యూనిట్ల చొప్పున పై మెట్టులో తగ్గితే నెలకు 350, మొత్తం 1,400 రూపాయలు. మిగతా ఎనిమిది నెలల్లో అంతా కలిపి 600 అనుకుంటే ఏడాదికి 2,000. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది, ఆలోపు పూత మళ్లీ వేయాల్సి రావచ్చు. పోర్టు బొగ్గు ధూళి పడే వన్‌టౌన్ వైపు తెలుపు ఇంకా త్వరగా మాసిపోతుంది. దీనితో పోలిస్తే ఫ్యాన్ల లెక్క సులువు: రెండింటికి 6,000 రూపాయలు పెడితే, నెలకు 40 యూనిట్లు 6 రూపాయల మెట్టులో తగ్గినా 240 రూపాయల లెక్కన రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా డబ్బు తిరిగొస్తుంది, ఇల్లు మారేటప్పుడు ఫ్యాన్లు విప్పుకుని పోవచ్చు. అందువలన విప్పుకుపోగల వస్తువును అద్దెదారుకు, విప్పలేని కప్పును యజమానికి వదిలి, రెండోదానికే ప్రజాధనం తోడు చేయాలన్న వాదనలో పస ఉంది. ఏడున్నరేళ్ల లెక్క చూసి పూతకు డబ్బు దండగ అనేవారు బిల్లును మాత్రమే చూస్తున్నారు. రేకుల ఇంట్లో పసిపిల్లతో ఉన్న కుటుంబానికి రాత్రి గది చల్లబడటాన్ని 2,000 రూపాయలలో కొలవలేము.

డాబా మీద సోలార్ పలకలు పెట్టడాన్ని కూడా దీనితో కలిపేస్తుంటారు. అది కరెంటు ఉత్పత్తి, సామర్థ్యం కాదు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయల సాయం ఉంది గాని యజమాని తన సర్వీసుకు పలకలు పెట్టుకుంటే విడి మీటరు ఉన్న అద్దెదారు బిల్లు దానితో తగ్గదు. పలకల నీడ వలన కింది గది కాస్త చల్లబడటం మాత్రం అతనికి ఉచితంగా దక్కుతుంది.

పన్ను రాయితీ ఎంత లాగగలదు?

పుణె నగరపాలక సంస్థ సౌర పరికరాలు, వాననీటి నిల్వ వంటివి పెట్టుకున్న ఇళ్లకు ఆస్తిపన్నులో 5 నుంచి 10 శాతం తగ్గింపు ఇస్తోంది. విశాఖలోనూ అలా చేయమనే సూచన తరచు వినిపిస్తుంది. ఏడాదికి 6,000 రూపాయల పన్ను ఉన్న ఇంటికి 5 శాతం అంటే 300 రూపాయలు. ఐదేళ్లకు 1,500, అంటే పై పూత ఖర్చులో పదో వంతు. దీనికోసమే ఎవరూ డాబా ఎక్కరు, ఎలాగూ చేయించుకోబోయేవారు మాత్రం సంతోషంగా తీసుకుంటారు. ఏడాది పన్నంతా ఏప్రిల్‌లో ఒకేసారి కడితే ఇప్పటికే 5 శాతం తగ్గింపు ఉంది కనుక యజమానులకు ఆ మొత్తం ఏపాటిదో తెలుసు. 2021 ఏప్రిల్ నుంచి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. దానిపై అప్పట్లో నగరంలో నిరసనలు కూడా జరిగాయి. పన్ను చట్టం రాష్ట్రానిది కాబట్టి కౌన్సిల్ తీర్మానంతోనే కొత్త రాయితీ పుట్టదు.

ఇంగ్లండ్, బౌల్డర్ చేసినది

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇళ్లకు ‘ఎ’ నుంచి ‘జి’ వరకు ఇంధన సామర్థ్య శ్రేణులు ఉన్నాయి. 2018 ఏప్రిల్ నుంచి ‘ఇ’ కంటే తక్కువ శ్రేణి ఇంటిని కొత్తగా అద్దెకు ఇవ్వకూడదు, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న అద్దెలకూ ఇదే వర్తించింది. అమలు స్థానిక కౌన్సిళ్ల బాధ్యత. ఇంటికి 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. అదే సమయంలో యజమాని 3,500 పౌండ్లకు మించి ఖర్చు చేయనక్కరలేదన్న పరిమితి కూడా పెట్టారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో బౌల్డర్ నగరం 2010లో స్మార్ట్‌రెగ్స్ అనే నియమావళి చేసి, అద్దె లైసెన్సు కావాలంటే ఇల్లు నిర్ణీత ఇంధన ప్రమాణం అందుకోవాలని, అందుకు 2018 చివరి దాకా గడువు ఇచ్చింది.

ఈ రెంటినీ యథాతథంగా తెచ్చుకోలేము. అక్కడ సమస్య చలి, ఇంటిని మూసేసి వెచ్చదనాన్ని పట్టి ఉంచడం. ఇక్కడ ఇంటిని తెరిచి గాలి ఆడించడం. అక్కడ ప్రతి అద్దె ఇంటికీ ఒక ధ్రువపత్రమో లైసెన్సో ఉంది. ఇక్కడ ఏ ఇల్లు అద్దెదో కార్పొరేషన్ రికార్డులో నమ్మకంగా దొరకదు, 11 నెలల కాగితం బీరువాలోనే ఉంటుంది. కానీ గమనించదగ్గ విషయం ఒకటుంది: రెండు చోట్లా తప్పనిసరి చేసింది ఇల్లు అద్దెకు ఇచ్చే హక్కుతో ముడిపెట్టి, ఏళ్ల తరబడి గడువు ఇచ్చాకనే.

విశాఖలో అలాంటి ముడి ఇప్పటికే ఉన్నది హాస్టళ్లు, పీజీల దగ్గర. మద్దిలపాలెం, ద్వారకానగర్ వైపు విద్యార్థులు, ఉద్యోగార్థులు ఉండే ఈ వసతులు వ్యాపారాలు కనుక ట్రేడ్ లైసెన్సు పరిధిలోకి వస్తాయి. ఇక్కడ చీలిక తలకిందులుగా ఉంటుంది: కరెంటు అద్దెలోనే కలిసి ఉండటం వలన మంచి ఫ్యాను కొనే ఆసక్తి యజమానికే ఉంటుంది, స్విచ్ ఆర్పే ఆసక్తి ఉండేవారికి ఉండదు. యజమానే ఖర్చు తగ్గించుకోవాలనుకునే చోట లైసెన్సు పునరుద్ధరణకు పై అంతస్తు కప్పు పూతను షరతుగా పెడితే ప్రతిఘటన తక్కువ.

అద్దె పెరుగుతుందన్న భయం

ఇల్లు బాగుచేయిస్తే అద్దె పెంచుతారు, లేదా కొత్తవారికి ఎక్కువకు ఇవ్వడానికి ఖాళీ చేయిస్తారు అన్నది అద్దెదారుల వైపు నుంచి వచ్చే బలమైన అభ్యంతరం. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ సందర్భాన్ని ఊహించింది. యజమాని ఇంటికి మెరుగులు చేయదలిస్తే పని మొదలుపెట్టకముందే అద్దెదారుతో ఒప్పందానికి వచ్చి అద్దె పెంచుకోవచ్చు. పెంపు పని పూర్తయిన నెల తరువాతే అమలవుతుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టంగా చేసుకున్న మేరకే చెల్లుతుంది.

మన ఉదాహరణలో పూత వలన అద్దెదారుకు సగటున నెలకు 167 రూపాయలు మిగులుతాయి. యజమాని 15,000 రూపాయలూ తానే పెట్టి నెలకు 150 పెంచితే డబ్బు రావడానికి ఎనిమిదేళ్ల పైన పడుతుంది, అద్దెదారుకు మిగిలేది 17 రూపాయలు. ఇద్దరికీ రుచించదు. కార్పొరేషన్ సగం భరించి, పెంపు నెలకు 100 రూపాయలు మించకూడదని, మూడేళ్ల దాకా ఖాళీ చేయించకూడదని షరతు పెడితే యజమానికి ఆరేళ్ల పైచిలుకు, అద్దెదారుకు నెలకు 67 రూపాయలు. సాయం తీసుకున్న యజమాని స్వయంగా సంతకం చేసిన షరతు కనుక అద్దె చట్టం మీద అధికారం లేకపోయినా కార్పొరేషన్ దానిని పెట్టగలదు. ఉల్లంఘిస్తే సాయం వెనక్కి రాబట్టడానికి ఆస్తిపన్ను ఖాతా ఉండనే ఉంది. ఇలాంటి షరతులు చూసి యజమానులు అసలు ముందుకే రారన్న సందేహం సబబైనదే. అందుకే మొదట ఒకటి రెండు వార్డులలో, రేకుల ఇళ్లు ఎక్కువ ఉన్న చోట, బిల్లుతోపాటు రాత్రి పది గంటల గది ఉష్ణోగ్రతను కూడా కొలుస్తూ చేసి చూడటం మేలని నా అభిప్రాయం.

పూతకు తగిన నెలలు

తడి స్లాబు మీద పూత అతకదు. విశాఖలో జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరులలో తుఫానులు. నమ్మకంగా పొడిగా ఉండేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్‌లో ఆర్థిక సంవత్సరం మొదలయ్యాక ఫైలు కదిలిస్తే టెండరు తేలేసరికి చినుకులు పడతాయి. టెండర్లను వానాకాలంలోనే ముగించి పనిని సంక్రాంతికి అటూ ఇటూగా పెట్టుకుంటే, అద్దె కుటుంబాలు సాధారణంగా బడి సెలవులలోనే ఇళ్లు మారుతాయి కనుక, జనవరిలో ఆ ఇంట్లో ఉన్నవారే మే నెల రాత్రులు కూడా ఆ తెల్లని కప్పు కింద పడుకుంటారు.